కదపకూడని సీసా

ప్రయోగశాల పై అంతస్తు గది
వానలు మొదలైన వారం

వదినకు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఆలోచనలో పడ్డాను. మీ రికార్డు గదిలో చిరిగిన పాత పటాలకు అతుకు వెయ్యాలి, రెండు వైపులా రాత కనిపించాలి, అంత పల్చటి కాగితం నీ పురుగులు నేసి పెడతాయా అని అడిగావు. వాటిని పురుగులనకు వదినా, వింటే నొచ్చుకుంటాయి. బాక్టీరియా అను. అవి కంటికి కనిపించవు గానీ వాటి పని బాగానే కనిపిస్తుంది.

నా దగ్గరున్న రకం కుళ్ళిన ద్రాక్షపండు మీద నుంచి నేనే ఏరి తెచ్చుకున్నది. తియ్యటి నీళ్ళలో వేసి కదపకుండా ఉంచితే కొన్నాళ్ళకు పాల మీద మీగడలా ఒక పొర కడుతుంది. ఆ పొరంతా సెల్యులోజ్. పత్తిలో ఉండేదీ, నువ్వు పొద్దస్తమానం అతికించే కాగితంలో ఉండేదీ అదే. ఒక్కో కణం తన ఒంట్లోంచి సన్నటి పీచు తీస్తుంది. లక్షల కణాల పీచులు ఒకదాన్నొకటి పెనవేసుకుని చాపవుతాయి. నన్ను తిననివ్వని, నిద్రపోనివ్వని ప్రశ్న ఒక్కటే. దేని బతుకు అది బతకగల ప్రాణి, తన తిండిలోంచి ఖర్చుపెట్టి అందరికీ పనికొచ్చే చాప ఎందుకు నేస్తుంది?

మా గైడు మేడమ్ అనుమతి తీసుకుని నీకొక సీసా పంపుతున్నాను. టీ డికాక్షన్ చల్లార్చి, గ్లూకోజు పొడి కలిపి అప్పుడప్పుడు పొయ్యి. మూతికి గుడ్డ కట్టు, బిరడా బిగించకు, వాటికి గాలి కావాలి. వెనిగర్ వాసన వస్తే భయపడకు, కులాసాగా ఉన్నాయని అర్థం.

ఏడాది చివర కమిటీ కూర్చుని మా పనులు చూస్తుంది. ఈ పొర ఎందుకు కడుతుందో, ఎంత కడుతుందో చూపించగలిగితే ఇక్కడే ఉండి పని పూర్తి చేస్తాను. లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. అన్నయ్యకు మాత్రం ఈ మాట చెప్పకు. తూనికల ఆఫీసులో నా కోసం చూసిపెట్టిన ఉద్యోగం కాదని వచ్చిన దగ్గర్నుంచి నాతో మాటల్లేవని నీకు తెలియనిది కాదు. ఆ కుర్చీని ఇప్పటికీ రోజూ తుడిపించి ఉంచుతున్నాడేమో.

నీ మరదలు


ఇంటి నుంచి
ఆదివారం మధ్యాహ్నం

మా ఇంటి అర్ధమొగుడికి,

సీసా క్షేమంగా చేరింది. నేనే క్షేమంగా లేను. బూజు నుంచి, చెమ్మ నుంచి కాగితాన్ని కాపాడటంలోనే మా సూపరింటెండెంటుగారికి సగం జన్మ గడిచిపోయింది. ఆయన ఎదురుగా సంచీ విప్పి, సార్, బాక్టీరియా తెచ్చాను అన్నాను. దొంగ చేతికి తాళాలు ఇద్దామంటావా అమ్మా అని అడిగారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సాయంత్రానికి సీసాతో సహా ఇంటిదారి పట్టాను.

వంటింటి అలమరలో డబ్బాల పక్కన పెట్టాను. మీ అన్నయ్య గుమ్మం దగ్గరే ఆగి వాసన పట్టారు. ఏమిటది అన్నారు. మీ చెల్లెలు పంపింది అన్నాను. మళ్ళీ నోరు విప్పలేదు. ఊరందరి త్రాసులూ సరిచేసి సరిచేసి మనిషే త్రాసు అయిపోయారు, ఇంత బరువు పడితే గానీ ముల్లు కదలదు. నువ్వు చిన్నప్పుడు పెట్టిన తక్కెడ అన్న పేరు ఊరికే పెట్టలేదు.

నువ్వు చెప్పినట్టే పొర కట్టింది. ఆగలేక చెంచా కాడతో పొడిచాను. అమ్మో అనిపించింది, తడి గుడ్డలా జారింది. అది మునిగిపోతే నాలుగు రోజుల్లో దాని పైన ఇంకొకటి కట్టింది. ఎప్పుడు చూసినా పైనే కడుతుంది. అడుగున కట్టదేం? మధ్యలో కట్టదేం? నీ ప్రశ్న నాకూ అంటించావు, ఇక జవాబు చెప్పే బాధ్యత నీదే.

వదిన


ప్రయోగశాల పై అంతస్తు గది
ఎండ కాస్త తిరిగిన రోజు

వదినకు,

ఎంత మంచి ప్రశ్న అడిగావో నీకు తెలియదు. అందులోనే నా జవాబు సగం ఉంది. ఈ కణాలకు గాలి లేనిదే గడవదు. కదలని నీళ్ళలో గాలి పైనే దొరుకుతుంది. ఒక్కో కణం విడిగా ఈదలేదు, తేలలేదు. అందుకని పీచు తీసి, పక్కదాని పీచుతో పెనవేసి, అందరూ కలిసి తెప్ప కడతాయి. ఆ తెప్ప మీద నీళ్ళ పైన తేలుతూ గాలి పీలుస్తాయి. ఒంటరిగా మునగడమా, ఖర్చుపెట్టి కలిసి తేలడమా అన్నదే వాటి లెక్క.

అయితే తెప్ప కట్టేదాకా కూర్చోవడం నాకు నత్తనడక అయిపోయింది. కమిటీ ముందు పెట్టాలంటే రాశులు కావాలి. అందుకని సీసాలను షేకర్ మీద పెట్టాను. అది రాత్రీ పగలూ గుండ్రంగా ఊపుతూనే ఉంటుంది. మొదట్లో పొరకు బదులు సగ్గుబియ్యం గింజల్లా ఉండలు కట్టాయి. ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి, దాంట్లోంచి మరొకదాంట్లోకి మారుస్తూ పోయేసరికి ఆ ఉండల బెడదా పోయింది. నీళ్ళు అంతటా ఒకేలా, పాలలా తెల్లబడుతున్నాయి. లెక్కపెట్టడం ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. పళ్ళెంలో పెంచితే ముడతలు ముడతలుగా వచ్చే కణాల గుంపులు కూడా ఇప్పుడు నున్నగా, గుండ్రంగా, ముత్యాల్లా వస్తున్నాయి. వాటిలో అందమైనవి ఏరి కొత్త గొట్టాలు నింపి ఫ్రీజర్లో దాచాను. చోటు లేదని తోటివాళ్ళు సణుగుతుంటే మొదట్లో దాచిన పాత గొట్టాలు తీసి పారేశాను.

ఇల్లు అలకగానే పండగ కాదని నువ్వంటావు. నాకు మాత్రం సగం పండగ వచ్చినట్టే ఉంది. నీ సీసా ఎలా ఉంది?

నీ మరదలు


రికార్డు గది నుంచి
భోజనాల వేళ

అర్ధమొగుడికి,

సీసా ఉంది. వంటింట్లో లేదు, ఇంట్లో ఉంది. ఎక్కడని అడగకు.

నా పని సంగతి ముందు చెప్పనీ. ఒక పొర తీసి బాగా ఉడకబెట్టి, కడిగి, రెండు గాజుపలకల మధ్య ఆరబెట్టాను. ఉల్లిపొర కన్నా పల్చగా వచ్చింది. పారేసే చిత్తు కాగితం ఒకటి చింపి దాని మీద అతికించాను. అక్షరం అక్షరం కనిపిస్తోంది. సూపరింటెండెంటుగారు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు. ఉడకబెట్టావా అని ఒక్కటే అడిగారు. ఉడకబెట్టాను సార్ అన్నాను. ఇంకోసారి ఉడకబెట్టు అని వెళ్ళిపోయారు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు దొరకదు.

ఇప్పుడు కొన్ని ప్రశ్నలు. సీసా దగ్గర్లో తలుపు గట్టిగా వేస్తే పొర దెబ్బతింటుందా? కొత్త డికాక్షన్ పైనుంచి పొయ్యాలా, అంచు వెంబడి జారవిడవాలా? గది ఏ మాత్రం వెచ్చగా ఉంటే మంచిది? పొర బరువు పెరుగుతోందా అన్నది సీసా మొత్తం తూచి చెప్పవచ్చా, లేక నీళ్ళు ఆవిరయ్యే లెక్క కూడా తియ్యాలా? పై పొర తీసేస్తే కింద మిగిలినవాటికి దిగులుగా ఉంటుందా? ఈ చివరి ప్రశ్న మాత్రం నాది.

నువ్వు పండగ అన్నావు గనక ఒక మాట. నీ ఉత్తరంలో సుఖం అన్న మాట చూసి నాకెందుకో అసుఖంగా అనిపించింది. పటాల పనిలో చక్కగా, సుఖంగా సాగుతోందంటే ఎక్కడో తప్పు చేస్తున్నామని మా పాత మేస్త్రీ అనేవాడు. నీ పని వేరు కావచ్చు.

వదిన


ప్రయోగశాల పై అంతస్తు గది
చలి మొదలైంది

వదినకు,

నా కొంప మునిగింది.

కమిటీకి చూపించడానికని షేకర్ మీది కణాలను తీసి కదలని పళ్ళేల్లో పోశాను. వారం చూశాను, ఇంకో వారం చూశాను. పొర లేదు. తెల్లటి నీళ్ళు అడుగున పేరుకున్నాయి, అంతే. ఫ్రీజర్లో దాచినవి తీసి పోశాను. అవీ అంతే. ఒక్క గొట్టంలో కూడా తెప్ప కట్టే కణం మిగల్లేదు.

జరిగింది ఇప్పుడు అర్థమైంది. ఊపుతున్న సీసాలో గాలి అడుగుదాకా అందరికీ అందుతుంది. అందరికీ గాలి అందుతుంటే తెప్ప కట్టేదెవరు? కట్టేవి తమ తిండిని పీచుకు ఖర్చుపెడుతూ వెనకబడ్డాయి. ఏ కారణంగానో పీచు తియ్యడం మానేసినవి తిన్నదంతా ఒంటికి పట్టించుకుని పిల్లల్ని కన్నాయి. సీసా మార్చిన ప్రతిసారీ అవే ఎక్కువయ్యాయి. ముడతలున్నవి పీచు నేసేవి, నున్నటివి మానేసినవి. నేను నున్నటివి చూసి ముచ్చటపడి స్వయంగా ఏరి మరీ దాచాను. ఇలా జరుగుతుందని పుస్తకాల్లో ఉంది వదినా. చదివాను కూడా. పరీక్షలో అడిగితే చెప్పేదాన్నే.

మేడమ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. మళ్ళీ ద్రాక్షపళ్ళు కుళ్ళబెట్టి కొత్త రకం వెతకవచ్చు, కానీ ఇంతకాలం కొలిచిందంతా ఆ పాత రకం మీదే. అది లేకుండా కమిటీ ముందుకు వెళ్ళడమంటే పెళ్ళికూతురు లేకుండా పెళ్ళికి పిలవడమే. వాళ్ళు కూర్చునేది వచ్చే నెలలో. తూనికల ఆఫీసు కుర్చీ ఖాళీగానే ఉంటే అన్నయ్య గెలిచాడని చెప్పు.

ఒక్క ఆశ ఉంది. అడగడానికి భయంగా ఉంది. షేకర్ ఎక్కక ముందు నీకు పంపిన సీసా. నిజం చెప్పు, పారేశావా? నీ పోయిన ఉత్తరంలోని ప్రశ్నలు నీవి కావు. ఆవిరి లెక్కలు నువ్వు తియ్యవు. ఎవరికైనా ఇచ్చేశావా? ఇస్తే ఇచ్చావు, కోప్పడను. వాళ్ళ అడ్రసు మాత్రం రాయి.

నీ మరదలు


ఇంటి నుంచి
ఉత్తరం అందిన సాయంత్రమే

మరదలికి,

అడ్రసు నీకు తెలిసినదే. సీసా మీ అన్నయ్య దగ్గరుంది.

నీకు రాయవద్దని మాట తీసుకున్నారు. ఇవాళ ఆ మాట తప్పుతున్నాను. పొర కట్టిన కొత్తలో ఒక రోజు నేను మిక్సీ వేస్తుంటే మీ అన్నయ్య నీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చారు. సీసాలో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆయన చూస్తూ నిలబడిపోయారు. నీ బాక్టీరియా మీద ప్రేమ కాదది, ఏ వస్తువు వణికినా ఆయన చూడలేరు. సీసా రెండు చేతులా పట్టుకుని తన పని గదిలోకి తీసుకెళ్ళిపోయారు.

అక్కడి రాతిబల్ల నీకు గుర్తుందిగా. గోడకు తగలకుండా, నేలలోంచి వేరే పునాది కట్టించి లేపింది, మనం నడిచినా త్రాసు ముల్లు అదరకూడదని. పెళ్ళయి ఇన్నేళ్ళయినా దాని మీద నన్ను టీ గ్లాసు పెట్టనివ్వలేదు. మంచి త్రాసును ఒక పక్కకు జరిపి నీ సీసాను మధ్యలో పెట్టారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించేవాళ్ళను చూశాను గానీ, చెల్లెలి మీద కోపం ఉంచుకుని సీసాకు సేవ చేసేవాళ్ళను ఇప్పుడే చూశాను. డికాక్షన్ ఆయనే కాస్తారు, ఆయనే అంచు వెంబడి జారవిడుస్తారు. పొద్దున లేవగానే పళ్ళయినా తోముకోకుండా వెళ్ళి దాన్ని చూసొస్తారు. నీ ఉత్తరాలు నేను పైకి చదువుతుంటే పేపరు అడ్డం పెట్టుకుని వింటారు. ప్రశ్నలు మాత్రం నా పేరు మీద వెళ్ళాలి.

ఇవాళ్టి ఉత్తరమూ చదివాను. కుర్చీ, గెలుపు, అన్నీ చదివాను. తర్వాత ఒక మాట అడిగాను, నా మీద కోపం తెచ్చుకోకు. సీసా ఎప్పుడో పగిలిపోయిందని రాసేద్దామా, మీ చెల్లెలు ఇంటికొచ్చేస్తుంది, మీరు కోరుకున్నదే కదా అన్నాను. ఆయన మనసు ఎటుందో చూద్దామనే అన్నాను. టీ తాగడం పూర్తి చేసి గ్లాసు కింద పెట్టారు.

"తూకం వేసేటప్పుడు మనకు కావలసిన పళ్ళెం మీద వేలు పెట్టకూడదు," అన్నారు.

తర్వాత రైలు ఎన్నింటికో కనుక్కోమన్నారు. పార్సిల్ వెయ్యవచ్చు కదా అంటే, విసిరేస్తారు అన్నారు. ఈ ఉత్తరం ముందు చేరుతుందో ఆయనే ముందు చేరతారో తెలియదు.

వదిన


ప్రయోగశాల మెట్ల మీద కూర్చుని
పది రోజుల తర్వాత

వదినకు,

నీ ఉత్తరం కన్నా మనిషే ముందు వచ్చాడు. వాచ్‌మన్ పిలిస్తే కిందికి వెళ్ళాను. గేటు బయట అన్నయ్య, చేతిలో ఒక చెక్కపెట్టె. లోపల సీసా నాలుగు వైపులా తాళ్ళతో వేలాడుతోంది, పెట్టె ఎటు వంగినా సీసా నిలువుగానే ఉండేలా. దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. పక్కవాళ్ళు అందులో ఏముందని అడిగితే పొర అని చెప్పాడట. దారి కుదుపులకు కణాలకేమీ కాదు, నెలల తరబడి ఊపితేనే చేటు. ఆ మాట నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఎలా ఉన్నావు అని అడగలేదు. గది వెచ్చదనం ఎంత, డికాక్షన్ ఎన్నాళ్ళకోసారి పోశాడు, పొర ఎప్పుడెప్పుడు తీశాడు, అన్నీ వరసగా అప్పజెప్పాడు. నేను తలూపుతూ రాసుకున్నాను. అంతా అయ్యాక పుస్తకం మూశాను. నాకు ఏడుపొచ్చింది వదినా, దాచలేదు. అన్నయ్య గేటు కడ్డీల వైపు చూస్తూ నిలబడ్డాడు.

పొర చూస్తావా అని అడిగాను. పైకి వచ్చాడు. చిన్న ముక్క తీసి, పీచుకు మాత్రమే పట్టే రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను. పీచులు నీలంగా వెలుగుతాయి. చాలాసేపు కన్ను తియ్యలేదు. మేడమ్ వచ్చి పలకరించినా వినిపించుకోలేదు. చివరికి లేచి, బల్ల కొంచెం అదురుతోంది, కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టించు అని చెప్పి రైలుకు వెళ్ళిపోయాడు.

సీసాలో మనవాటితో పాటు ఈస్టు కూడా వచ్చి కాపురం పెట్టింది, వంటింట్లో మొదలైనది కదా. వాటిని విడదీసి, ఈసారి ముడతలున్నవే ఏరాను. పళ్ళేల్లో పోశాను. మా రకం జన్యు గుర్తులు మొదట్లోనే చదివించి ఉంచాం, వాటితో సరిచూడటానికి పంపాను. ఇంకా తేలలేదు. తేలితే ముందు నీకే రాస్తాను.

నీ మరదలు


ప్రయోగశాల పై అంతస్తు గది
కమిటీ లేచిపోయిన సాయంత్రం

వదినకు,

గుర్తులు కలిశాయి. అది నా ద్రాక్షపండు రకమే. కమిటీ ముందు రెండు పళ్ళేలు పెట్టాను, ఒకటి రాతిబల్లది, ఒకటి షేకర్‌ది. మొదటిదాంట్లో పొరను చిమటాతో పట్టి పైకి లేపాను, రుమాలులా వచ్చింది. రెండోదాంట్లో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఊపితే తెప్ప అవసరం పోతుంది, అవసరం పోతే కట్టేవాళ్ళు పోతారు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఆ పొరపాటు నాదేనని కూడా చెప్పాను. పొర కట్టిన ఆ రకం ఇంతకాలం ఎక్కడ పెరిగిందని ఒక పెద్దాయన అడిగారు. మా అన్నయ్య త్రాసులు సరిచేసే బల్ల మీద అన్నాను. రాసుకున్నారు.

నేను ఇక్కడే ఉంటున్నాను. ఈ సంగతి అన్నయ్యకు నువ్వు చదివి వినిపించు. పేపరు అడ్డం పెట్టుకున్నా ఫరవాలేదు.

నీ మరదలు


పని గది నుంచి

చెల్లికి,

మీ వదిన ఉత్తరం చదివింది. మంచిది.

ఇది రాస్తున్న కాగితం సీసాలోని పొర ఆరబెట్టింది. మీ వదిన గాజుపలకల మధ్య వేసి ఇచ్చింది. సిరా పాకడం లేదు. నేను కొంత అడుగు నీళ్ళు ఉంచుకుని ఇంకో సీసా పెట్టాను, బాగానే ఉంది.

ఒక సంగతి అడగాలి. నువ్వు చూపించినప్పుడు అంచున ఒక కణం వెంట పీచు లేదు. చుట్టూ అన్నిటికీ ఉంది, దానికి లేదు. అప్పటి నుంచి అదే గుర్తొస్తోంది. అది పాడైపోయిందా? తెప్ప కట్టడంలో చెయ్యి వెయ్యనిదాన్ని మిగతావి ఏం చేస్తాయి? పక్కకు నెట్టేస్తాయా? మీ వదినను అడిగితే నిన్నే అడగమంది.

తొందర లేదు. తీరిక చూసుకుని రాయి.

అన్నయ్య


ప్రయోగశాల పై అంతస్తు గది
నీ ఉత్తరం చేతిలో ఉండగానే

అన్నయ్యకు,

నీ ఉత్తరాన్ని కిటికీకి పట్టి చూశాను. నీ అక్షరాల వెనక వీధి కనిపించింది. దాచుకుంటాను.

నువ్వు చూసింది నిజం. ప్రతి పొరలోనూ పీచు లేని కణాలు కొన్ని ఉంటాయి. మిగతావి వాటిని నెట్టెయ్యవు. తెప్ప లేస్తే అవీ దాంతో పాటే లేస్తాయి, గాలి వాటికీ అందుతుంది. ఇవి మరీ ఎక్కువైతే తెప్ప మునుగుతుంది, అది నా షేకర్ సీసాల కథ. ఒకటీ అరా ఉంటే తెప్ప మోస్తుంది.

అది పాడైపోయిందా అని అడిగావు. అప్పుడే అడిగి ఉంటే నాకూ తెలియదనే చెప్పేదాన్ని. నువ్వు వెళ్ళాక ఆ ముక్కను పారెయ్యలేదు. తడి ఆరకుండా ఉంచి, బల్ల కాళ్ళ కింద నువ్వు చెప్పిన రబ్బరు ముక్కలు పెట్టించి, మర్నాడు అదే చోట చూశాను. నువ్వు చూసిన కణం అంచున అలాగే ఉంది. దాని వెంట సన్నగా, నీలంగా ఒక పీచు వెలుగుతోంది. పక్కదాని పీచును అందుకుంది కూడా.

అది పాడైపోలేదు అన్నయ్యా. ఆలస్యంగా మొదలుపెట్టింది, అంతే.

నీ చెల్లెలు